గడియ పీకే వీరులు

బిల్డు ఫెయిలైతే మన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో దోషి ఎవరో ముందే తేలిపోయి ఉంటుంది. ఇండెక్స్ డాట్ లాక్ అనే ఓ చిన్న ఫైలు. దానికి విచారణ లేదు, వాయిదా లేదు. బిల్డు స్క్రిప్టు మొదటి వరుసలోనే శిక్ష రాసి పెడతారు: కనబడితే డిలీట్.

ఆ ఫైలు చేసిన నేరమేమిటి? గిట్ తన ఇండెక్సును మార్చబోయే ముందు దాన్ని పెట్టుకుంటుంది. పని అయ్యాక తీసేస్తుంది. ఈలోగా అదే ఫోల్డర్లోకి రెండో గిట్ వస్తే, ఇక్కడ ఇంకొకరు పనిలో ఉన్నట్టున్నారని చెప్పి ఆగిపోతుంది. అంటే బాత్రూము లోపలి గడియ. తలుపు తెరుచుకోకపోవడానికి కారణం గడియేనని మనవాళ్ళు పరిశోధించి కనిపెట్టారు, పీకేశారు. ఇప్పుడు తలుపు భేషుగ్గా తెరుచుకుంటోంది. లోపలివాడి సంగతంటారా, అది వేరే టీమ్ టికెట్.

లోపలివాడు చచ్చిపోయి గడియ మిగిలిపోవడమూ ఉంది, కాదనను. టైమౌట్ అయి బిల్డును మధ్యలో చంపేస్తే అలా జరగొచ్చు. అప్పుడు తీసేయాల్సిందే. కానీ ముందు ప్రాణం ఉందో లేదో చూడాలి కదా, ప్రాసెస్‌ల జాబితా ఒక్క కమాండు దూరం! వీరులకు అంత ఓపిక ఎక్కడిది?

అసలు ఇద్దరు ఒకే గదిలోకి ఎలా వచ్చారని ఎవరూ అడగరు. ఒకే జాబు రెండుసార్లు ఒకేసారి నడిస్తే, బిల్డులు నడిపే జెంకిన్స్ పాపం రెండోదానికి పేరు చివర @2 తగిలించి వేరే ఫోల్డర్ ఇస్తుంది. ఓ పొదుపరి వచ్చి, ఫ్రీస్టైల్ జాబులన్నింటికీ కస్టమ్ వర్క్‌స్పేస్ టిక్కు పెట్టి, అందర్నీ ఒకే ఫోల్డర్లో కుక్కుతాడు. డిస్కు మిగిల్చినందుకు అప్రైజల్లో మంచి రేటింగ్. ఒకే రిపోకి ఎన్ని ఫోల్డర్లయినా, ఒక్కోదానికి సొంత ఇండెక్సుతో ఇచ్చే వర్క్‌ట్రీ 2015లోనే గిట్ 2.5తో వచ్చింది. మనదాకా ఇంకా రాలేదు, దారిలో ఉంది కాబోలు.

ఇంతకన్నా ఘనకార్యం, బిల్డు చేత వెర్షన్ నంబరు కమిట్ చేయించడం. రెండు బిల్డులు ఒకేసారి మొదలై, రెండూ 1.4.7ను చూసి, రెండూ 1.4.8 అని రాసుకుంటాయి. ముందు పుష్ చేసినది గట్టెక్కుతుంది, రెండోదాన్ని సర్వర్ తిప్పి పంపుతుంది. కొందరు ధీరులు ఫోర్స్ పుష్ కొడతారు, మొదటిదాని కమిట్ బ్రాంచిలోంచి మాయం. మర్యాదస్తులు రీబేస్ చేస్తారు. రెండు మార్పులూ అచ్చం ఒకటే కనుక గిట్ ఒకదాన్ని వదిలేస్తుంది. కాన్‌ఫ్లిక్ట్ లేదు, ఎర్రర్ లేదు, డాష్‌బోర్డు అంతా పచ్చన. వేర్వేరు కోడ్‌తో తయారైన రెండు ప్యాకేజీలు మాత్రం 1.4.8 అనే ఒకే పేరుతో ఊరేగుతుంటాయి. కస్టమర్ దగ్గర ఏది ఉందో కస్టమరే చెప్పాలి. కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఏడ్చేవాళ్ళను చూశాను. రానందుకు ఏడవాల్సింది ఇక్కడే.

వెర్షన్ నంబరును ఫైల్లో రాసి కమిట్ చేయకుండా, బిల్డు నంబరు నుంచే తీసుకుంటే ఈ గొడవే లేదు. పైప్‌లైన్‌లో డిసేబుల్ కన్‌కరెంట్ బిల్డ్స్ అని ఒక్క వరుస రాసినా ఒకే జాబు తనతో తాను కొట్టుకోవడం మానేస్తుంది. ఒక్క వరుసతో తేలిపోయేదానికి కమిటీ ఎందుకు, స్లైడ్లు ఎందుకు అంటారని భయం కాబోలు, ఎవరూ రాయరు.

కమిటీ కూర్చుంది. మూలకారణం నెట్‌వర్క్ అని తేల్చింది. రీట్రైలను 3 నుంచి 5కి పెంచి, మధ్యలో 10 సెకన్ల విరామం పెట్టింది. ఇప్పుడు రెండు బిల్డులూ ఢీకొని, సరిగ్గా పదేసి సెకన్లు నిద్రపోయి, ఒకేసారి లేచి మళ్ళీ ఢీకొంటున్నాయి.