బ్యాటరీ లేని గొంతు

నేను ఫాస్టాగ్‌ని. ఒక కారు ముందద్దానికి లోపలివైపు అతుక్కుని బతుకుతున్నాను. ఒళ్లంతా పల్చటి లోహపు తీగ, నడుమ ఆవగింజ కన్నా చిన్న చిప్పు. అంతే నేను. బ్యాటరీ లేదు. నన్ను పలకరించే 866 మెగాహెర్ట్జ్ అల పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. అందులో సగమైనా యాంటెన్నా ఉండాలి. అంత చోటు లేక తీగను వంకర్లు తిప్పి మడిచారు.

మా వంశం పాతదే. రేడియో అలను వెనక్కి మళ్లించి కబురు పంపవచ్చని 1948లోనే హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజినీరు వ్యాసం రాశాడు.

కారు పంతంగి టోల్ ప్లాజాకు చేరగానే పైనున్న రీడర్ అల నన్ను తాకుతుంది. నాకు అదే అన్నం, అదే గొంతు. చిప్పు యాంటెన్నాతో జత కుదిరితే శక్తిని మింగుతాను, జత చెడితే అల వెనక్కి మళ్లుతుంది. ఈ మార్పులే నా మాటలు. ఎక్కువ మళ్లిస్తే గట్టిగా వినబడతాను, కానీ ఆకలికి సొమ్మసిల్లుతాను. రీడర్‌కూ నా ఆకలి తెలుసు. సున్నాను పొట్టిగా, ఒకటిని పొడుగ్గా పలుకుతూ, మధ్యలో కొన్ని మైక్రోసెకన్లే అలను ఆపుతుంది.

కష్టమంతా జవాబు చెప్పడంలోనే. నేను పలికేటప్పుడూ రీడర్ అల మోగుతూనే ఉంటుంది. జాతర డప్పుల పక్కన గుసగుసలాడినట్టుంటుంది నా పని. ఎఫ్ఎమ్‌జీరో పద్ధతిలో ప్రతి బిట్టు చివరా తప్పకుండా మారతాను, సున్నాకైతే మధ్యలో మరోసారి. ఆ మార్పులు పట్టుకునే రీడర్ నా లయను అందుకుంటుంది. ఈ పద్ధతి వేగమైనది. రొద ఎక్కువైతే రీడర్ మిల్లర్ పద్ధతి కోరుతుంది. అప్పుడు ఒక్కో బిట్టుకు రెండు, నాలుగు, ఎనిమిది ఆవృత్తాలు ఆడి, నా స్వరాన్ని డప్పుల మోతకు దూరంగా జరుపుతాను. ఎనిమిదైతే ఎనిమిదింతల సమయం పడుతుంది, అయినా మాట చెదరదు.

సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే కార్లు బారులు తీరితే పక్క కార్లలో నా తోటివాళ్లూ మేలుకుంటారు. అందరం ఒక్కసారే పలికితే ఏదీ అర్థం కాదు. అందుకే ఎవరికి వాళ్లం ఒక అంకె ఎంచుకుని, వంతు వచ్చేదాకా ఆగుతాం. వంతు రాగానే ముందు 16 బిట్ల సంఖ్య ఒకటి చెబుతాను. రీడర్ దాన్నే తిరిగి చెబితేనే నా అసలు గుర్తింపు విప్పుతాను.

ఒక్కటే కోరిక. నన్ను అద్దం మీదే ఉండనివ్వండి. చేత్తో పట్టుకుని చూపిస్తే నాకందాల్సిన అన్నం మీ అరచెయ్యే తినేస్తుంది.