గాడిద చెవులు వద్దన్న మాస్టారు

చిన్నపిల్లల కోసం గ్రీకు కథలు బొమ్మలతో వేస్తున్నాం, ఒకటి మీరు రాయండి అన్నారు. మైడస్ రాజు కథ నాకివ్వండి అన్నాను. ముట్టుకున్నదల్లా బంగారమయ్యే వరం, ఆశపడి పొందిన రాజు, బంగారు బొమ్మైపోయిన కూతురు, ఆపైన లబోదిబో. చిన్నప్పుడు ఇంగ్లీషు రీడర్లో చదువుకున్నదే, తర్వాత బళ్లో ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిందే. నాకు తెలియని కథా!

నేను కలం పట్టకముందే బొమ్మలు వేసే అమ్మాయి డమ్మీ కట్టేసింది. 32 పేజీలు, అంటే రెండు ఫారాలు. పెన్సిలు గీతల మీద అక్కడక్కడా రంగులద్దిన కాగితాలన్నీ నా బల్ల మీద వరసగా పరిచింది. నేను కళ్లజోడు సవరించుకుని తప్పులు పట్టడానికి కూర్చున్నాను.

రాజు తలకి ఊదారంగు పాగా చుట్టింది. "గ్రీకు రాజుకి తలపాగా ఏమిటమ్మాయ్? మన జమీందారనుకున్నావా? ఆకుల కిరీటం పెట్టు" అన్నాను. గుడి స్తంభాలకి ఎర్రరంగూ నీలిరంగూ పూసింది. "చలువరాతికి రంగులేస్తారా ఎవరైనా? తెల్లగా వదిలెయ్" అన్నాను. కూతురి కోసం పేజీలన్నీ వెతికాను. ఎక్కడా లేదు. కథకి ప్రాణమే ఆ పిల్ల కదా, ఆ పిల్లనే మరిచిపోతే ఎలా అని మెత్తగా చీవాట్లు పెట్టాను.

ఆ తర్వాత చూసింది మరీ విడ్డూరం. వరం గొడవ సగం పుస్తకానికే తేలిపోయింది. మిగతా సగంలో రాజుకి గాడిద చెవులు మొలిచాయి. క్షవరం చేసేవాడు వాటిని చూశాడు. బయట చెప్పలేక, కడుపులో దాచుకోలేక గొయ్యి తవ్వి అందులో గుసగుసగా చెప్పి పూడ్చేశాడు. అక్కడ మొలిచిన రెల్లు గాలి వీచినప్పుడల్లా ఆ రహస్యం ఊరంతా చాటింది. నాకు నవ్వాగలేదు. "ఇది మా అమ్మమ్మ చెప్పిన కథ! రాజుగారి చెవుల కథని తెచ్చి గ్రీకు రాజుకి తగిలించావా?"

"ఎక్కడో చదివాను మాస్టారూ."

"ఎక్కడెక్కడో చదివినవన్నీ కలిపితే కలగూరగంప అవుతుంది. మూలం మూలమే."

ఆ అమ్మాయి కాగితాలు దొంతరగా సర్దుకుని వెళ్లిపోయింది.

అంతటితో ఊరుకుని ఉంటే నా సంగతి బయటపడేది కాదు. పుస్తకానికి ముందుమాట కూడా నేనే రాస్తానన్నాను. పిల్లలకు చెప్పేటప్పుడు మూలానికి కట్టుబడి ఉండాలన్నది విషయం. నాలుగు వాక్యాలు రాశాక, ఓవిడ్ పేరెత్తి ఒక ముక్క ఉదహరిస్తే నిండుగా ఉంటుందనిపించింది. ఈ కథ వివరంగా దొరికేది ఆ రోమన్ కవి 'మెటమార్ఫోసెస్' పదకొండో భాగంలో. ఇంగ్లీషు అనువాదం తెచ్చుకుని జీవితంలో మొదటిసారి చదివాను.

కూతురు లేదు.

ఉన్నదల్లా ఆకలి. రాజు భోజనానికి కూర్చుంటాడు. రొట్టె మీద చెయ్యి వేస్తే గట్టిపడుతుంది. మాంసం కొరికితే పళ్లకి బంగారు రేకు తగులుతుంది. ద్రాక్షసారాలో నీళ్లు కలుపుకుని తాగబోతే కరిగిన బంగారం గొంతులోకి జారుతుంది. వరమిచ్చిన బాకస్‌నే మొక్కి, సార్డిస్ దగ్గరి పాక్టోలస్ నది పుట్టిన చోట తల ముంచి, వరం వదిలించుకుంటాడు. అక్కడితో కథ అయిపోదు. పాన్‌కీ అపోలోకీ సంగీతంలో పోటీ జరుగుతుంది. న్యాయనిర్ణేత ట్మోలస్ అపోలోదే గెలుపంటాడు. అందరూ సరే అంటే, ఎవరూ అడగకపోయినా మైడస్ ఒక్కడే తీర్పు తప్పంటాడు. అపోలో అతని చెవులు సాగదీసి గాడిద చెవులు చేస్తాడు. వాటిని దాచడానికి రాజు చుట్టుకున్నది ఊదారంగు పాగా. క్షవరం చేసేవాడు, గొయ్యి, రెల్లు, అన్నీ ఉన్నాయి. పైగా మైడస్ గ్రీకువాడే కాదు. ఇవాళ్టి టర్కీలోని ఫ్రిజియాకి రాజు.

గ్రీకు గుళ్లకీ శిల్పాలకీ నిజంగానే రంగులు పూసేవారని కూడా ఆ వారంలోనే తెలిసింది. వానకీ ఎండకీ రంగు పోయాక మిగిలిన తెలుపుని చూసి, అదే అసలనుకున్న లోకంలో నేనూ ఒకణ్ణి.

మరి కూతురు ఎక్కడిది? అమెరికా రచయిత నథానియల్ హాథార్న్ 1851లో పిల్లల కోసం తెచ్చిన 'వండర్ బుక్' నుంచి వచ్చింది. మేరీగోల్డ్ అని పేరు పెట్టిందీ ఆయనే. ఆయనేమీ దొంగతనంగా చేర్చలేదు. ఈ పిల్ల సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదని కథ మొదటి వాక్యంలోనే చమత్కరిస్తాడు. గాడిద చెవులు వట్టి పుకారని దారిలో ఓ విసురు కూడా విసురుతాడు. తర్వాత బొమ్మల పుస్తకాలవాళ్లు ఆ పిల్లని వదల్లేదు. 1999లో కినుకో క్రాఫ్ట్ బొమ్మలతో వచ్చిన పుస్తకంలో ఆమె పేరు ఆరేలియా. బంగారమైన రొట్టె కంటే బంగారమైన పిల్ల పేజీ నిండా కనబడుతుంది మరి.

హాథార్న్ మార్చాడు, మార్చానని చెప్పాడు. నేను చదవని పుస్తకానికి కాపలా కాశాను. చదివినావిణ్ణి గుమ్మంలోనే ఆపేశాను.

ఫోన్ చేసి, నీ డమ్మీనే ఉంచుదామమ్మా అని నసిగాను. పాగా, రంగులు, చెవులు మళ్లీ వెయ్యాలంటే కష్టమేమో అన్నాను.

"చెరపలేదు మాస్టారూ. పక్కన పెట్టానంతే. మరి కూతుర్నేం చేద్దాం?"

"హాథార్న్ గారి పిల్ల, ఆయన పుస్తకంలో సుఖంగా ఉంటుంది. మన 32 పేజీల్లో ఆకలికీ చెవులకీ చోటుంటే చాలు."

ముందుమాట మానుకున్నాను. మిగిలిన పేజీ రెల్లుకి ఇచ్చేసింది. అట్ట మీద నా పేరు పైన, ఆ అమ్మాయి పేరు కింద వేస్తామన్నారు. ఆమె పేరే పైన వెయ్యమన్నాను. ఇదీ ఎవరూ అడగని తీర్పే. దీనికి మాత్రం చెవులు సాగవని నా నమ్మకం.