ఉబ్బిన కెపాసిటరు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
ఉప్పుగాలి తగిలి యుబ్బెఁ గెపాసిటర్
ఫ్యాను తిరుగుఁ గాని పలుక దింక
పాత బోర్డె కొనుము పాతదానికి నీవు
క్రొత్తదైన నన్ని కొనఁగ వలయు

అవతారిక: గంజాం జిల్లాలో, ఛత్రపురానికి దగ్గర, సముద్రపుటొడ్డు ఊరు చమఖండి. ఆ ఊరి గృహస్థు ఒకరి డెస్క్‌టాప్ తెర నల్లబడి, ఎంత నొక్కినా ఉలకని సందర్భంలో, హితుడొకడు ఇట్లనుచున్నాడు.

ప్రతిపదార్థం: ఉప్పుగాలి = బంగాళాఖాతము మీఁదినుండి వీచు లవణవాయువు; తగిలి = సోఁకి; కెపాసిటర్ = ప్రాసెసరు ప్రక్క వరుసగా నిలుచు చిన్న డబ్బీ; ఉబ్బెన్ = నెత్తి పొంగెను; ఫ్యాను తిరుగున్ కాని = పంకా తిరుగును గాని; ఇంక పలుకదు = ‘బీప్’ మనదు; పాతదానికి = కోర్ టూ డ్యుయో కాలపు కంప్యూటరునకు; పాత బోర్డె = ఆ కాలపు మదర్‌బోర్డునే; నీవు కొనుము; క్రొత్తదైనన్ = నేఁటి బోర్డయినచో; అన్ని = ప్రాసెసరు, ర్యామ్ మొదలగునవి; కొనఁగవలయున్ = కొనవలసి వచ్చును.

తాత్పర్యం: సుగమము.

విశేషాలు: మొదటి పాదంలోనే కవి శాస్త్రం తప్పాడు. ఉప్పుగాలికి కెపాసిటరు ఉబ్బదు. ఉప్పు పండే హుమ్మా ఉన్న జిల్లాలో ఉప్పుగాలి చేసే చేటు వేరు. ర్యామ్ అంచున బంగారు రంగు కాళ్ళకు మకిలి పట్టిస్తుంది, పోర్టుల రేకుకు తుప్పు పట్టిస్తుంది, దుమ్మును తడిపి బోర్డు మీద పొరగా పరుస్తుంది. ఉబ్బుకు కారణం వేడి, లోపలి ఎలక్ట్రోలైట్. ఆ ద్రవం చెడితే వాయువు పుట్టి పైమూతను తోస్తుంది. మూత మీద కనిపించే గాట్లు అలంకారానికి కావు, పేలకుండా అక్కడ చిట్లడానికి గీసినవి. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో నాసి ద్రవం పోసిన కెపాసిటర్లు దేశదేశాల బోర్డులను పొట్టన పెట్టుకున్నాయి. మంచి ద్రవమైనా, పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని ఈ విద్యలో వాడుక లెక్క. ఇదంతా కవికి తెలియదా? తెలుసు. ‘ఉబ్బె’కు యతి కావాలి, ‘ఉప్పు’ చేతికందింది. పైగా సముద్రపుటొడ్డువాడు ఏది చెడినా నేరం ఉప్పుగాలి మీదే మోపుతాడు.

రెండో పాదానికి మాత్రం వంక పెట్టలేం. ఫ్యాను తిరుగుతోంది కాబట్టి బోర్డు బాగానే ఉందని కొందరు వాదిస్తారు. అది పొసగదు. ఫ్యాను పన్నెండు వోల్టులను నేరుగా తాగి తిరుగుతుంది. ప్రాసెసరుకు కావలసింది ఇంచుమించు ఒక వోల్టు. ఆ పన్నెండును ఒకటికి దించి, అలల్లేకుండా వడపోసే చోటే ఈ ఉబ్బిన డబ్బీలు నిలబడి ఉన్నాయి. ఇట్లు రెండు పాదాలకూ కార్యకారణ సంబంధం. ‘పలుకదు’ అన్నది కూడా ఊరికే వేసిన మాట కాదు. స్పీకరు తగిలించి ర్యామ్ పీకేసి స్విచ్ నొక్కితే, ప్రాణమున్న బోర్డు ర్యామ్ లేదని బీప్ బీప్ మంటూ గోల పెడుతుంది. అప్పుడూ మౌనమైతే, ముందు వేరే పవర్ సప్లై పెట్టి చూడాలి. ఆ పిమ్మటే బోర్డును అనుమానించాలి. కవి ఈ మెట్టు దాటేశాడు. ఆటవెలదిలో చోటు లేక కావచ్చు.

మూడో పాదంపై పూర్వపక్షం బరంపురం బజారు నుంచి వస్తుంది: “మాస్టారూ, ఈ ముసలిదాని మీద డబ్బులెందుకండీ? కొత్త బోర్డు వేసేద్దాం.” వేయవచ్చు. కానీ ఆ ప్రాసెసరు 775 సాకెట్టుది. పిన్నులు ప్రాసెసరుకు ఉండవు, సాకెట్టులోనే 775 ఉంటాయి. వేలు తగిలితే వంగుతాయి. నేటి బోర్డులో ఆ సాకెట్టే లేదు. డీడీఆర్2 ర్యామ్ డీడీఆర్4 గాడిలో దిగదు, గంటు కలవదు. వెడల్పాటి ఐడీఈ కేబులు హార్డ్ డిస్కుకు తగిలించే చోటుండదు. అందుకే ‘అన్ని’. పాత బోర్డుల్లోనూ ఒక కిటుకుంది: జీ41 చిప్‌సెట్ బోర్డులు డీడీఆర్2కీ వచ్చాయి, డీడీఆర్3కీ వచ్చాయి. పెట్టె మీద పేరు చూసి మోసపోక, ర్యామ్‌ను చేత పట్టుకునే దుకాణానికి వెళ్ళాలి. పాత సరుకు కాబట్టి సాకెట్టు మూత తీయించి, వెలుతురులో పిన్నుల వరుస చూడాలి. ఒక్కటి పక్కకు ఒరిగినా చాలు, డబ్బు దండగ.

కవి చెప్పక విడిచిన ఉపద్రవం ఒకటి ఉంది. బోర్డు మారగానే విండోస్ ఆ యంత్రాన్ని గుర్తుపట్టక మళ్ళీ యాక్టివేషన్ అడుగుతుంది. కంపెనీ కంప్యూటరుతో వచ్చిన లైసెన్సయితే సాధారణంగా పాత బోర్డుతోనే దాని కథ ముగుస్తుంది. గంజాం తెలుగువారికి ఈ అనుభవం పాతదే: 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇల్లూ వాకిలీ ఉన్నచోటే ఉన్నాయి, కాగితాల మీద మద్రాసు పోయి కొత్త సర్కారు వచ్చింది.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో మూడో పాదం “పాత డబ్బ నమ్ము పాతవానికి నీవు” అని కనిపిస్తుంది. (డబ్బన్ + అమ్ము; పాతవాఁడు = పాత సామాన్లవాఁడు.) గణాలు సరిపోయాయి, యతి చెల్లింది, నాలుగో పాదంతో అన్వయం మూలపాఠం కంటే సాఫీగా కుదిరింది. ఇది దుకాణదారు ప్రక్షిప్తం.