ముసలమ్మ కోడి, పెద్దాయన పసరు

మా లంకలో కామెర్లకు పసరు పోసే పెద్దాయన ఒకరున్నారు. పరగడుపున, చీకటితో వెళ్ళాలి. ఆకు పేరు అడగకూడదు, చెబితే గుణం పోతుందట. పెద్దవాళ్ళకు ముక్కులో పోస్తారు, మూడురోజుల పసిగుడ్డుకు ఉగ్గుగిన్నెతో నాకిస్తారు.

"రెండు వారాల్లో పచ్చ విరక్కపోతే నన్నడగండి" అంటారు. విరుగుతుంది, ఎందుకు విరగదు? నెలలు నిండి పుట్టిన పిల్లల్లోనే నూటికి 60 మందికి రెండో మూడో రోజున ఒళ్ళు పచ్చబడుతుంది. కాలేయం కాస్త కుదురుకోగానే చాలామందికి దానంతటదే పోతుంది. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లారదనుకుంది వెనకటి ముసలమ్మ. పాపం, ఆవిడ కూతకు దక్షిణ పుచ్చుకోలేదు.

తగ్గకపోతే? పథ్యం తప్పారన్నమాట! పసివాడు ఏం తిని తప్పాడని అడక్కండి. పథ్యం తల్లిపాలకు: అవి ఆపి పంచదార నీళ్ళు పట్టాలి. పాలు లేక విరేచనం సాగదు, బయటికి పోవాల్సిన, ఒంటిని పచ్చబరిచే బిలిరుబిన్ పేగుల్లోంచి మళ్ళీ రక్తంలోకే ఎక్కుతుంది. జబ్బును పెంచి పోషించే పథ్యం ఇదొక్కటే.

ఇంట్లో అమ్మమ్మ సాయం అమ్మమ్మది. ట్రంకుపెట్టెలోంచి మెత్తని పాతచీర తీసి పొత్తిళ్ళు చేస్తుంది. కలరా ఉండల ఘాటు గుప్పుమంటుంది. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న బిడ్డకు ఆ ఘాటే ఎర్రకణాలను చితకొట్టి కామెర్లను ముదరబెట్టగలదు.

"ఇంగ్లీషు మందు తప్పు చెయ్యదా?" అంటారు పెద్దాయన. చేసింది. నెలలు తక్కువ పిల్లలకు రక్షణగా ఇచ్చిన సల్ఫా మందే బిలిరుబిన్‌ను మెదడుకెక్కించి ప్రాణాలు తీస్తోందని 1956లో అమెరికా వైద్యులే బయటపెట్టారు. పోయినవాళ్ళనూ లెక్క రాశారు గనక తెలిసింది. పెద్దాయన ఖాతాలో బతికినవాళ్ళ పేర్లే ఉంటాయి.

అదే ఏడు ఇంగ్లండులో ఓ నర్సు, ఎండ తగిలినచోట బిడ్డ ఒంటి పచ్చ విరగడం గమనించింది. నేటి నీలిదీపాల వైద్యానికి అదే మొదలు. ఆ దీపాలు కాకినాడ పెద్దాసుపత్రిలోనూ ఉన్నాయి. అక్కడ వైద్యం పేరు అడిగినా గుణం పోదు.

పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరిచేతులు, అరికాళ్ళదాకా పాకినా, బిడ్డ పాలు తాగక మగతగా పడున్నా, విరేచనం తెల్లగా అవుతున్నా పసరు కోసం చీకటితో లేవకండి, ఆ చీకట్లోనే ఆసుపత్రికి బయల్దేరండి.

ముసలమ్మ కోడిని చంకనెట్టుకుని అడవికి పోయినా ఊరికి తెల్లారింది. పెద్దాయన అరుగుమీద వారం కాచుక్కూర్చున్న అలాంటి బిడ్డకూ తెల్లారుతుంది. ఆ తెల్లారడం వేరు.