మొక్క మనది, మురుగు ఎవరిది?

జూన్ 5న, పర్యావరణ దినోత్సవమని, మా అపార్టుమెంటులో మొక్క నాటాం. మొక్క ఒకటే, పట్టుకున్న చేతులు పదకొండు. ఫొటోలో మొక్క తప్ప అందరూ చక్కగా పడ్డారు. ఆపైన మైకందుకున్నాడు అసోసియేషన్ సెక్రటరీ, అంటే మా తోడల్లుడే. పర్యావరణాన్ని కాపాడే ఇంజినీర్లు కావాలనీ, భూమాత యువత వైపే చూస్తోందనీ గొంతు పూడుకుపోయేలా మాట్లాడాడు. అందరం చప్పట్లు కొట్టాం. ముందు వరసలో కూర్చున్న ఆయన కొడుకు మాత్రం కొట్టలేదు. వాడు నిజంగా విన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎప్‌సెట్ ర్యాంకొచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టేనాడు వాడు తాపీగా, “మొదటి ఆప్షన్ సివిల్ పెడుతున్నా. తర్వాత ఎన్విరాన్‌మెంటల్‌లో ఎంటెక్ చేస్తా” అన్నాడు. గంటలో బంధువులు దిగారు. పరామర్శకు వచ్చినట్టే కూర్చున్నారు, కాఫీలు కూడా ఆ తీరునే తాగారు.

“యువత రావాలన్నాను గానీ, మనింటి పిల్లాడు రావాలన్నానట్రా?” అన్నాడు మా తోడల్లుడు.

నిజానికి పిల్లాడికి స్వేచ్ఛ లేదనడానికి లేదు. సీఎస్ఈ తీసుకోవచ్చు. వద్దంటే సీఎస్ఈలో ఏఐఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ. ఒకే పిండితో దోసె, ఊతప్పం, గుంట పొంగణాలు వేసే టిఫిన్ సెంటరులా మన కాలేజీలు ఎన్ని రుచులు చూపిస్తున్నాయో! “ఆ ఏఐ నడవాలన్నా కరెంటు కావాలి, సర్వర్లు చల్లబడాలి, దానికి నీళ్లు కావాలి కదా నాన్నా?” అన్నాడు వాడు. “అవన్నీ వేరేవాళ్లు చూసుకుంటార్లే” అన్నాడు తండ్రి.

ఈ వేరేవాళ్లంటే నాకు అపారమైన గౌరవం. మన చెత్త తీసేది వాళ్లే, మన చెరువుల్ని కాపాడాల్సిందీ వాళ్లే. ఎవరింట్లో పుడతారో మాత్రం తెలీదు.

మా మరదలి బాధ వేరు. “రేపు సంబంధం వాళ్లొచ్చి అబ్బాయేం చేస్తాడంటే, మురుగునీళ్లు శుద్ధి చేస్తాడని చెప్పమంటారా బావగారూ?” అంది. నేను ఊరుకోలేక ఇంజినీరు విశ్వేశ్వరయ్యగారిని మాటల్లోకి తెచ్చాను. ఇంటిపేరు మోక్షగుండం, ఆ ఊరు మనవైపుదే. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచేస్తే, నిజాం పిలిపించింది ఆయన్నే. ఎగువన జలాశయాలు కట్టమన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఊరి మురుగు కాలువలకూ ఆయనే పథకం గీశారు. భారతరత్న కూడా ఇచ్చాం, ఆయన పుట్టినరోజును ఇంజినీర్స్ డే అంటున్నాం. మురుగు సంగతి చూసినందుకు ఆయన పరువేం పోలేదే!

“అప్పట్లో సీఎస్ఈ లేదు కాబట్టి సరిపోయింది అన్నయ్యా” అన్నాడు మా తోడల్లుడు.

కౌన్సెలింగ్ మొదటి విడతకు ఏమీ తేలలేదు. ఈలోగా మా సెల్లారులో కంపు మొదలైంది. కుళ్లిన కోడిగుడ్ల కంపు, లిఫ్టులో ఆరో అంతస్తు దాకా వెంట వచ్చేది. మా అపార్టుమెంటులో మూడొంతుల మంది సాఫ్ట్‌వేరే కాబట్టి వెంటనే రంగంలోకి దిగారు. సాయంత్రానికల్లా కంపు మీద ఫిర్యాదు చేయడానికి యాప్ తయారైంది. యాప్ బాగుంది. కంపు కూడా అలాగే ఉంది.

చివరికి సెల్లారులోని ఎస్టీపీ, అంటే మురుగు శుద్ధి ప్లాంటు, చూడ్డానికి ఒకమ్మాయిని పిలిపించారు. సివిల్‌లో బీటెక్, ఎన్విరాన్‌మెంటల్‌లో ఎంటెక్, పాత స్కూటీ. గాలి కొట్టే ట్యాంకులోంచి లీటరు నీళ్లు గాజు కొలత జాడీలో పట్టి నేలమీద పెట్టింది. “అరగంట కదపకండి” అంది. ముక్కుకు కర్చీఫులు కట్టుకుని చుట్టూ నిలబడ్డాం. ఆరోగ్యంగా ఉంటే కాఫీరంగు మడ్డి తునకలు తునకలుగా అడుక్కి దిగి, పైన నీళ్లు తేరుకోవాలట. మాది నల్లగా, ఎటూ తేలని అసోసియేషన్ మీటింగులా అలాగే నిలిచింది. మా పిల్లాడొక్కడే కర్చీఫు తీసేసి, జాడీ పక్కన గొంతుకూర్చుని చూస్తున్నాడు.

“రాత్రిళ్లు బ్లోయరు ఆపుతున్నారా?” అని అడిగిందా అమ్మాయి.

సెక్రటరీగారు ఛాతీ విరిచాడు. “పది నుంచి ఆరుదాకా ఆపించేశాను. కరెంటు ఆదా. పర్యావరణం కదమ్మా!”

“సార్, మురుగును తినేది ఈ సూక్ష్మజీవులే. వాటికి ఊపిరి ఆ బ్లోయరే. రోజూ ఎనిమిది గంటలు ముక్కు మూసుకుని పడుకోమంటే మీరు పడుకుంటారా?”

తర్వాత ఆమె చేసినది ఏ వంటింట్లోనైనా తెలిసిన పనే. బాగా నడుస్తున్న మరో ప్లాంటు నుంచి బతికున్న మడ్డి ట్యాంకరులో తెప్పించి, పాలకు తోడు వేసినట్టు మా ట్యాంకులో తోడేసింది. బ్లోయరు ఇరవై నాలుగ్గంటలూ నడిపించింది. వారాలు గడిచేసరికి జాడీలో నీళ్లు తేరుకున్నాయి. మావాడు రోజూ వెళ్లి చూసేవాడు. అంబర్‌పేట ప్లాంటు రోజుకు 339 మిలియన్ లీటర్లు శుద్ధి చేయగలదని నాకు చెప్పేటప్పుడు వాడి ముఖం చూడాలి, ఎవరో హీరో ఓపెనింగ్ కలెక్షన్లు చెప్తున్నట్టుంది.

ఆ అమ్మాయికి శాలువా కప్పాం. ఇలాంటి ఇంజినీర్లు దేశానికి వేలల్లో కావాలని మా తోడల్లుడు మళ్లీ గద్గదమయ్యాడు. మాటల్లో జీతమెంతమ్మా అని అడిగాడు. ఆమె చెప్పిన అంకె మా ఐదో అంతస్తు కుర్రాడి కారు ఈఎంఐ కంటే తక్కువ.

మర్నాడు వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ ప్రకటన పెట్టాడు: “ఎస్టీపీ చూసుకోవడానికి పర్యావరణంపై మక్కువ గల యువ ఇంజినీరు కావలెను. జీతం 14 వేలు. జనరేటరు వేయడం, మొక్కలకు నీళ్లు పోయడం, సెలవు రోజుల్లో వాచ్‌మన్ బదులు గేటు దగ్గర ఉండడం వచ్చి ఉండాలి.” కింద నలభై చప్పట్లు.

రెండో విడత ఆప్షన్లకు అదే ఆఖరి రోజు. రాత్రి మావాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. “పెదనాన్నా, నాన్న పెట్టిన ప్రకటన చూశా. సీఎస్ఈ పెట్టి ఫ్రీజ్ చేసేశా. ఎస్టీపీ వేరేవాళ్లు చూసుకుంటార్లే.”