ఆగవలసిన చోటు: ఒక వైపర్ మోటారు ఆత్మకథ

కారు బానెట్ వెనుక, ముందు అద్దం అడుగున ఉండే గాడిలో బిగించి, అద్దంపై వాననీటిని తుడిచే రెండు బ్లేడ్లను కదిలించే విద్యుత్ యంత్రాన్ని వైపర్ మోటారు అంటారు. నెల్లూరు జిల్లాలోని సంగం, ఆత్మకూరు, ఉదయగిరిల మధ్య బాడుగకు తిరిగే ఒక పాత కారులోని అలాంటి మోటారు తన జీవితాన్ని ఈ పుటలలో తానే చెప్పుకొంటున్నది; అయితే శాస్త్రగ్రంథాల మర్యాదను పాటించి, తనను తాను ‘ఈ మోటారు’ అని మాత్రమే పేర్కొంటుంది. తిరగడం ఏ మోటారుకైనా ఉన్న పనే గనుక, స్విచ్చి ఆపిన తరువాత బ్లేడ్లను అద్దం అంచుకు చేర్చి అక్కడ ఆపడమే దీని జీవితంలో చెప్పుకోదగిన విశేషం. ఆ అంచునే విశ్రాంతి స్థానం అనీ, షెడ్డు భాషలో పార్కింగ్ అనీ అంటారు.

ఈ మోటారు వంశచరిత్ర పెద్దదేమీ కాదు. అమెరికాలో మేరీ ఆండర్సన్‌కు 1903లో పేటెంటు లభించిన వైపరును డ్రైవరు లోపల కూర్చుని చేత్తో మీటను లాగి ఆడించవలసి వచ్చేది. తరువాత ఇంజను పీల్చే గాలి బలంతో నడిచే వైపర్లు వచ్చాయి గాని, ఎక్కుడు దారిలో ఇంజనుపై భారం పెరిగిన కొద్దీ అవి నెమ్మదించేవి. ఆ లోపమే విద్యుత్ మోటారుకు చోటిచ్చింది. మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 101వ నియమం, ముందు అద్దం ఉన్న వాహనాలకు యంత్రశక్తితో సమర్థంగా పనిచేసే వైపరు ఉండాలని నిర్దేశిస్తున్నది. ఈ మోటారు మొదట వేరొక కారులో పుట్టి పెరిగి, ఆ కారు తుక్కుకు పోయాక చెన్నైలోని పాత విడిభాగాల పేట అయిన పుదుప్పేటకు చేరి, అక్కడి నుండి ఆత్మకూరులోని ఒక షెడ్డుకు వచ్చింది.

దీని అంతర్నిర్మాణం తెలిస్తే తప్ప జబ్బు తెలియదు. శాశ్వత అయస్కాంతాల మధ్య తిరిగే తీగచుట్ల ఇరుసును ఆర్మేచరు అంటారు. దానికి కరెంటును అందించే కార్బన్ బ్రష్షులు మూడు ఉంటాయి. వాటిలో ఒకటి ఉమ్మడిది కాగా, ఒకటి నెమ్మది వేగానికి, ఒకటి అధిక వేగానికి పనికివస్తాయి. ఆర్మేచరు కొసన ఉన్న మరచుట్టు ఒక పెద్ద పళ్లచక్రాన్ని నెమ్మదిగా తిప్పుతుంది. ఆ చక్రపు ఇరుసుకు బయట బిగించిన క్రాంకు, లింకేజీ కడ్డీల ద్వారా, గుండ్రని తిరుగుడును బ్లేడ్ల ఇటూ అటూ ఊపుగా మారుస్తుంది. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి బ్లేడ్లు ఒకసారి వెళ్లి వస్తాయి. ఆ చక్రం ముఖంపైనే, ఒకచోట గంటు పెట్టిన రాగి వలయం ఉండి, దానిపై స్ప్రింగు గుణం గల సన్నని పట్టీలు రాసుకుంటూ ఉంటాయి.

డ్రైవరు స్విచ్చి ఆపగానే మోటారుకు కరెంటు ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు గాని, జరిగేది దానికి విరుద్ధం. స్విచ్చి ఆపిన క్షణంలో నెమ్మది వేగపు బ్రష్షు, పట్టీల ద్వారా వచ్చే వేరొక సరఫరా తీగకు కలుస్తుంది. పట్టీ గంటును చేరేదాకా ఆ దారిన కరెంటు అందుతూనే ఉంటుంది. గంటు వద్ద సరఫరా తెగి, అదే తీగ ఎర్తుకు, అనగా బండి ఇనుప శరీరానికి, కలుస్తుంది. అప్పటికింకా ఊపుమీదున్న ఆర్మేచరు క్షణకాలం డైనమోలా కరెంటు పుట్టించగా, ఆ కరెంటే దాన్ని పట్టి నిలిపివేస్తుంది. అందువల్ల ఈ మోటారుకు విశ్రాంతి చేరడానికి కూడా కరెంటు కావాలి. బ్లేడ్లు అద్దం మధ్యలో ఉండగా ఇంజను తాళం తీసేస్తే అవి అక్కడే నిలిచిపోవడం సహజమే గాని జబ్బు కాదు.

నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య రుతుపవనాల వల్లనే కురుస్తుంది. మిగిలిన నెలల్లో ఉదయగిరి వైపు దుమ్ము, ఎండ, ఎండిన గ్రీజు తప్ప ఈ మోటారుకు పెద్దగా పని ఉండదు. బాడుగ లేనప్పుడు కారును వేపచెట్టు నీడన నిలపడంతో రాలిన ఆకులు బానెట్ వెనుక గాడిలో చేరి, నీరు పోయే తూమును మూసివేశాయి. 2021 నవంబరులో పెన్నకు భారీ వరద వచ్చిన రోజుల్లో, సంగం దగ్గర పాత ఆనకట్ట మీదుగా నీరు పొర్లిన ఆ వానల్లో, గాడిలో నిలిచిన నీరు మోటారు మూతలోకి చెమ్మగా దిగింది. వాన వెలిశాక కారు సంగమేశ్వరుని గుడి వీధిలో ఆగినప్పుడు బ్లేడ్లు అద్దం మధ్యలో నిటారుగా నిలిచిపోయాయి.

ఇలాంటప్పుడు ‘మోటారు పోయింది’ అని మొత్తం మార్చడం కన్నా ముందు లక్షణాన్ని గుర్తించడం మేలు. స్విచ్చి ఆపిన చోటనే బ్లేడ్లు నిలిచిపోతే విశ్రాంతి సరఫరా అందడం లేదని అర్థం. ఫ్యూజు, తీగ, స్టీరింగు కింది కాంబినేషన్ స్విచ్చి, లోపలి పట్టీలు వరుసగా అనుమానించవలసినవి. స్విచ్చి ఆపినా ఎంతకూ ఆగకపోతే, పట్టీ వంగి గంటు దగ్గర కూడా సరఫరాకు అంటుకుని ఉన్నదనో, రిలే లేదా స్విచ్చి అతుక్కుపోయిందనో భావించాలి. అంచు దాకా వచ్చి ఆగకుండా మళ్లీ బయలుదేరితే, ఎర్తు సరిగా అందక నిలుపుదల లోపించిందని తెలుస్తుంది. ప్రతిసారీ ఒకే తప్పు చోట ఆగితే మోటారు నిర్దోషి. లోపం క్రాంకులోనో, బ్లేడు చేయి కూర్చునే పళ్లలోనో ఉంటుంది.

ఆత్మకూరు షెడ్డులో ఎలక్ట్రీషియను తాళం వేసి, టెస్ట్ ల్యాంపును విశ్రాంతి సరఫరా తీగకు తాకించగా దీపం వెలిగింది. అంటే తీగ వరకు కరెంటు వస్తున్నది, లోపలే దారి తప్పుతున్నది. మూత విప్పగా రాగి వలయం నల్లబడి, గ్రీజు తారులా గట్టిపడి, ఒక పట్టీ కొన కాలి పైకి లేచి ఉన్నది. పెట్రోలు గుడ్డతో తుడిచి, జీరో నంబరు ఎమరీ కాగితంతో వలయాన్ని తేలికగా రుద్ది, పట్టీని కొద్దిగా వంచి బిగువు తెచ్చి, పళ్లచక్రానికి మాత్రమే కొత్త గ్రీజు పూసి మూత వేశారు. జబ్బు నయమైంది గాని, బిగించిన తరువాత బ్లేడ్లు మళ్లీ అద్దం మధ్యలోనే ఆగసాగాయి. కారణం వేరు: మోటారును విశ్రాంతి స్థానానికి చేర్చకుండానే క్రాంకును బిగించారు. క్రాంకు విప్పి, మోటారుకు కరెంటిచ్చి స్విచ్చి ఆపి, అది తనంతట తాను నిలిచాక క్రాంకును గుర్తుకు సరిపెట్టి, చివరగా బ్లేడు చేతులను అంచున ఉంచి నట్లు బిగించడంతో పని ముగిసింది.

2022 సెప్టెంబరులో మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరిట జాతికి అంకితమైన సంగం బ్యారేజీ మీది వంతెనపై ఇప్పుడు కార్లు పెన్నను దాటుతున్నాయి; ఆ దారిలో ఎదురువానలో వెళ్లే డ్రైవరు చూపు ముందు బ్లేడు అడ్డంగా నిలిస్తే అది అసౌకర్యం కాదు, ప్రమాదం. కాబట్టి ఈ ప్రాంతపు బండ్ల యజమానులు అక్టోబరు రాకముందే బానెట్ వెనుక గాడిలోని ఆకులు తీయించి, అద్దాన్ని తడిపి వైపర్లను ఒకసారి నడిపి, ఆపినప్పుడు అవి ఎక్కడ నిలుస్తున్నాయో చూసుకోవాలి. సరైన చోట నిలవకపోతే, మోటారును మార్చమనే ముందు టెస్ట్ ల్యాంపుతో పరీక్ష చేయించాలి.