పన్నెండు అక్షరాల గడి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో కొత్త పాత్రను తయారుచేసుకునే తెర ఒకటుంటుంది. అందులో పేరు రాసే చిన్న గడిని నేను. 2004 నవంబరు 23న అమెరికాలో ఆట విడుదలైన నాటి నుంచీ కొలువులో ఉన్నాను. నా చుట్టుపక్కల ఉన్నవాళ్ళ వైభవం నాకు లేదు. ఒకచోట జాతులు వరుసకట్టి ఉంటాయి: మనుషులు, మరుగుజ్జులు, కోరలున్న ఓర్కులు, ఎద్దు తలల టారెన్లు. ఇంకోచోట యోధుడు, మాంత్రికుడు, వేటగాడు అంటూ వృత్తులు. మధ్యలో పాత్ర ఊపిరి తీసుకుంటూ నిలబడి ఉంటుంది. నాలో ఏముంది? మిణుకుమిణుకుమనే ఒక నిలువు గీత. అయినా జనం ఎక్కువసేపు తల గోక్కునేది నా ముందే.

కారణం ఉంది. జుట్టు నచ్చకపోతే ఆటలోనే క్షౌరశాల ఉంది, 2008లో తెరిచారు. కత్తి పాతబడితే ఏ రాక్షసుణ్ణో కొట్టి కొత్తది తెచ్చుకోవచ్చు. పేరు మార్చుకోవాలంటే మాత్రం ఆటలో సంపాదించిన బంగారం నేరుగా చెల్లదు. పది డాలర్లు, అసలు డబ్బు, కట్టాలి. పైగా పాత్ర ఇంకా ఒక్క అడుగు వేయకముందే, దాని గుణమేమిటో తెలియకముందే పేరు పెట్టేయాలి. బారసాలలో తల్లిదండ్రులకుండే ఇబ్బందే ఇది.

మా వంశం కాగితం మీద మొదలైంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చయింది. పాత్ర బలమెంత, తెలివెంత అని రాసుకునే కాగితంలో పేరుకూ ఒక చోటుండేది. గైగాక్స్ కొడుకు ల్యూక్ కాగితంలో, మగ అని చెప్పే ఎం అక్షరం, దాని పక్కన ఎల్ఫ్ అని జాతి ఉన్నాయి. రెండూ కలిపి చదివితే మెల్ఫ్. అదే పేరైపోయింది. పెద్దకొడుకు ఎర్నెస్ట్ అక్షరాలు తారుమారు చేస్తే టెన్సర్ వచ్చాడు. జిమ్ వార్డ్ అనే ఆటగాడి పేరు వెనకనుంచి చదివితే డ్రామిజ్. ఇంత తేలిగ్గా పుట్టిన పేర్లు ఆ ఆట మంత్రాల పట్టికలోకి ఎక్కి కూర్చున్నాయి. మెల్ఫ్ ఆమ్లబాణం, టెన్సర్ తేలే పళ్ళెం. ఆ తర్వాత వేలమంది పిల్లలు బల్లల చుట్టూ కూర్చొని ఆ పేర్లు పలికారు. పెట్టడానికి క్షణం పట్టిన పేరు పదిమంది నోళ్ళలో నానితే ఎలా గట్టిపడుతుందో అక్కడే తెలిసింది.

కాగితం నుంచి కంప్యూటరుకు మమ్మల్ని తీసుకెళ్ళినవాడు రాయ్ ట్రబ్‌షా. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మడ్ అనే ఆట రాయడం మొదలుపెట్టాడు. తర్వాత రిచర్డ్ బార్టిల్ దాన్ని పూర్తిచేశాడు. బొమ్మల్లేవు, అంతా మాటలే. కాబట్టి మనిషి ముఖం, ఎత్తు, నడక అన్నీ ఆ పేరే. అనుభవం పెరిగేకొద్దీ పేరు వెనక బిరుదు మారేది. కొత్తవాడు, యోధుడు, వీరుడు, చివరికి మాంత్రికుడు. కానీ ఎదుటి ఆటగాడితో పోరులో చస్తే పాత్ర పూర్తిగా తుడిచిపెట్టుకుపోయేది. అదే పేరుతో మళ్ళీ రావచ్చు గానీ, వెనక తోకలా ‘కొత్తవాడు’ తగిలేది. పేరు నిలబెట్టుకోవడం అంటే ఎంత కష్టమో మా ముత్తాత చూశాడు.

మావాళ్ళలో అందరికంటే పేరుమోసిన పేరు, అసలు సొంతదారు పెట్టుకున్నది కాదు. అల్టిమా ఆటల సృష్టికర్త రిచర్డ్ గారియట్ పుట్టింది ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో, పెరిగింది అమెరికాలో. ఒక వేసవి శిబిరంలో ‘హలో’ అని పలకరించాడట. అమెరికా కుర్రాళ్ళు ‘హాయ్’ అంటారు కదా, ఇతను దొరలా ఉన్నాడే అని ‘బ్రిటిష్’ అని పేరు పెట్టేశారు. దాన్ని లార్డ్ బ్రిటిష్‌గా మార్చి తన ఆటలో రాజుకు పెట్టుకున్నాడు. 1997లో అల్టిమా ఆన్‌లైన్ పరీక్షాదశలో ఉండగా ఆ రాజు జనం ముందుకొచ్చాడు. సర్వర్ పడిపోయి మళ్ళీ లేచాక, చావు రాకుండా కాపాడే ఏర్పాటును తిరిగి పెట్టుకోవడం మరిచాడు. రెయిన్జ్ అనే పాత్ర మంటల మంత్రం విసిరింది. రాజు పడిపోయాడు. నేటికీ ఆ కథ చెప్పేవాళ్ళు రెండు పేర్లూ కలిపే చెబుతారు.

ఇక నా సంగతి. నా నియమాలు కొన్నే, కానీ కచ్చితం. రెండు అక్షరాలకు తగ్గకూడదు, పన్నెండు దాటకూడదు. అంకెలు పనికిరావు, మధ్యలో ఖాళీ కుదరదు. ఒకే అక్షరం వరసగా మూడుసార్లు రాకూడదు. అన్నిటికంటే పెద్ద నియమం: ఒక సర్వర్‌లో ఒక పేరు ఒక్కరికే. దాయాదుల ఇళ్ళలో ఇంత బిగువు లేదు. ఎవర్‌క్వెస్ట్ అనే ఆటలో 20వ స్థాయికి చేరితే ఇంటిపేరు పెట్టుకోనిచ్చేవారు. ఫైనల్ ఫాంటసీ 14లో పేరుకొక గడి, ఇంటిపేరుకొక గడి. ఆ ఆటలో సముద్రపు తోడేళ్ళనే తెగవాళ్ళ ఇంటిపేరు తండ్రి పేరు మీదే నడుస్తుంది. కొడుకైతే చివర ‘సిన్’, కూతురైతే ‘విన్’. నా దగ్గర వంశాలకు చోటు లేదు. ఒక్క మాట, అంతే.

ఒక పేరు ఒక్కరికే అన్న నియమమే జనాన్ని తిప్పలు పెడుతుంది. విల్లు పట్టిన ఎల్ఫ్‌ను తయారుచేసుకున్న ప్రతి రెండోవాడికీ మొదట తోచే పేరు లెగోలాస్. ముందొచ్చినవాడు ఎప్పుడో పట్టుకుపోయి ఉంటాడు. అప్పుడు చివర ఇంకో ‘ఎస్’ తగిలిస్తాడు. అదీ ఉండదు. ఆఖరికి ఆల్ట్ మీట నొక్కిపట్టి, కుడివైపు అంకెల పలకలో 0233 కొడతాడు. ‘ఇ’ అక్షరం నెత్తిన వాలుగీత పుడుతుంది. 0235 కొడితే రెండు చుక్కలు. నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే నా లెక్కలో అది వేరే అక్షరం. గెలిచానని సంబరపడతాడు. తిప్పలు తోటివాళ్ళకు మొదలవుతాయి. వేరే ఊళ్ళో ఉన్న ఇతన్ని జట్టులోకి పిలవాలన్నా, చెవిలో ఒక మాట చెప్పాలన్నా ఆ చుక్కల్తో సహా టైపు చేయాలి. ఒకట్రెండుసార్లు ప్రయత్నించి, ‘ఇంకెవరైనా ఉంటే చూడండ్రా’ అనేస్తారు.

నా పక్కనే ఒక మీట ఉంది, నొక్కితే ఆటే ఒక పేరు అల్లి ఇస్తుంది. దాన్ని నొక్కి నొక్కి, ఒక్కటీ నచ్చక, అందులో ముందు సగం, ఇందులో వెనక సగం అతికించుకునేవాళ్ళు తెలివైనవాళ్ళు. టారెన్లు ఆవుల జాతి కాబట్టి ‘మూ’ అనే రెండు మూడక్షరాలు ఎక్కడో ఒకచోట దూర్చిన పేర్లు లెక్కలేనన్ని. చనిపోయిన కుక్క పేరు పెట్టుకునేవాళ్ళు ఒక్కసారే టైపు చేస్తారు, తడుముకోరు. రోల్‌ప్లే సర్వర్లకు వచ్చేవాళ్ళ పద్ధతి వేరు. అక్కడ పేరు ఆ లోకంలో పుట్టినట్టు ఉండాలి, వెటకారాలు పెడితే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. వాళ్ళు గడిలో రాసి, చెరిపి, పెదవులతో పలికి చూసుకుంటారు. ఆ పలికి చూసుకునేవాళ్ళంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఒక కుర్రాడి ముచ్చట చెబుతాను. నాలో పడ్డ పేరు పాత్ర నెత్తినెక్కి తిరుగుతుంది కాబట్టి, అది విన్నవన్నీ నాకు చేరతాయి. అమెరికాలో ఎంఎస్ చదువుకుంటున్న తెలుగు కుర్రాడు అతను. టారెన్ యోధుణ్ణి ఎంచుకున్నాడు. కొమ్ములు, భుజాలు చూసి భీముడే అనుకున్నాడు. ‘భీమ’ అని కొట్టాడు. ఎవరో తీసేసుకున్నారు. సరే, భీముడు కాకపోతే కొడుకు. ఘటోత్కచుడు అని ఇంగ్లీషు అక్షరాల్లో మొదలుపెట్టాడు. ఉత్సాహంగా వేళ్ళు పరుగెడుతుండగా నేను పన్నెండో అక్షరం దగ్గర ఆగిపోయాను. ఆ పేరుకు పదమూడు కావాలి. తెర మీద ‘ఘటోత్కచుడ్’ అని, పొల్లు నోరు తెరుచుకొని నిలబడింది. ప్రథమా విభక్తికి నా దగ్గర చోటు చాల్లేదు! కుర్రాడు ఫక్కున నవ్వాడు. వెనక్కి చెరిపి ‘ఘటోత్కచ’ అన్నాడు. పదకొండు అక్షరాలు, హాయిగా పట్టింది. పక్కన కూర్చున్న స్నేహితుడు ధృష్టద్యుమ్నుడి మీద మోజుపడ్డాడు గానీ, డు తీసేసినా అది పద్నాలుగు. అతను అర్జునుడికి దిగి, అదీ లేదని తెలిసి, కోపమొచ్చి తన కాలేజీ ముద్దుపేరు పెట్టుకున్నాడు.

ఘటోత్కచుడు లోపలికి వెళ్ళాడు, గిల్డు అనే ఆటగాళ్ళ సంఘంలో చేరాడు, ముందు నిలబడి దెబ్బలు కాసే ట్యాంకు పని తీసుకున్నాడు. నాయకురాలు ఒహైయో అమ్మాయి. రాక్షసుడు మీదికొస్తుంటే ఆమెకు ఘకారం, త్కకారం పలికే తీరిక ఎక్కడిది? మొదట ‘గాట్’ అంది, తర్వాత అది ‘గాటో’గా స్థిరపడింది. ‘గాటో, వెనక్కి తిప్పు! గాటో, బతికే ఉన్నావా?’ మొదట్లో ఒత్తులు సరిదిద్దబోయాడు. కొన్నాళ్ళకు తనే ‘గాటో వచ్చాడు’ అంటూ గొంతు కలపడం మొదలుపెట్టాడు. ఒకరోజు బజారులో నిలబడి ఉండగా, పరిచయం లేని వేటగాడొకడు చెవిలో మెసేజ్ పెట్టాడు.

‘అన్నా, తెలుగా?’

‘అవునన్నా. ఎట్లా కనిపెట్టినవ్?’

‘మాయాబజార్ చూడనోళ్ళు ఆ పేరు పెట్టుకుంటారా అన్నా! మాది ఒంగోలు.’

‘మాది వరంగల్.’

భారతదేశానికంటూ ఈ ఆటకు సర్వర్ లేదు. మనవాళ్ళు ఎక్కడెక్కడి సర్వర్లలోనో చెల్లాచెదురుగా ఉంటారు. పేరు చూస్తేనే ఊరు తెలుస్తుంది. తమాషా ఏమిటంటే, ఇంత కష్టపడి ఇరికించిన ఆ పేరును చూసి వచ్చిన ఒంగోలు కుర్రాడు తర్వాత ఒక్కసారి కూడా దాన్ని పలకలేదు. ఎప్పుడూ ‘అన్నా’యే.

పిలిచేవాళ్ళ చేతిలో పేరు ఎంత దూరం వెళ్తుందో 2005 మే నెలలో చూశాను. ఒక వీడియో బయటికొచ్చింది. బ్లాక్‌రాక్ స్పైర్ కోటలో ఒక జట్టు నిలబడి, ఎవరేం చేయాలో, గెలిచే అవకాశం ఎంతో లెక్కలు వేస్తుంటుంది. అంతలో ఒకడు తన పేరు తానే అరుచుకుంటూ డ్రాగన్ గుడ్ల మధ్యకు దూకుతాడు. లీరాయ్ జెంకిన్స్! జట్టు జట్టంతా చచ్చిపోతుంది. అది ముందే అనుకొని నటించిన సన్నివేశమని తర్వాత తెలిసింది, కానీ అప్పటికే ఆ అరుపు ఆట ఎరుగనివాళ్ళ దాకా పాకింది. 2008లో ఆట తయారీదారులే ఒక విజయచిహ్నం పెట్టారు. ఆ గుడ్లలోంచి వచ్చే డ్రాగన్ పిల్లల్లో యాభైని 15 సెకన్లలో చంపితే మీ పేరు వెనక జెంకిన్స్ అని బిరుదు వస్తుంది. నా గడిలో ఇంటిపేరుకు చోటు లేదన్నాను కదా, ఒకడి ఇంటిపేరు ఎంతోమందికి బిరుదై కూర్చుంది.

ఒక్కసారి మాత్రం నా ఉద్యోగానికే ఎసరు వస్తుందనిపించింది. 2010 జూలై 6న, ఆట చర్చావేదికల్లో రాసేవాళ్ళు ఇకమీద అసలు పేర్లతో రాయాలని ప్రకటించారు. దురుసు మాటలు తగ్గుతాయని వాళ్ళ ఆలోచన. జనం భగ్గుమన్నారు. ఆడవాళ్ళు, ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు, తమ ఆట సంగతి ఇంట్లో తెలియకూడదనుకున్నవాళ్ళు, ఒకరని కాదు. మూడు రోజులకు, జూలై 9న, ఆట తయారీ సంస్థకు అప్పటి అధిపతి మైక్ మోర్‌హైమ్ ఆ ఆలోచన విరమించుకున్నామని చెప్పాల్సివచ్చింది. నాకు అప్పుడు అర్థమైంది ఇది: ఏళ్ళ తరబడి ఒక జట్టు ఒక మనిషిని ఒక పేరుతో పిలిస్తే, ఆ మనిషికి అది ముసుగు కాదు. అక్కడ సంపాదించుకున్న పరువంతా దాని మీదే ఉంటుంది. రేషన్ కార్డు మీది పేరు తెచ్చి దాని స్థానంలో పెడితే ఆ పరువు ఎవరిదో ఎవరికీ తెలియదు.

2019 ఆగస్టులో పాత ఆటను క్లాసిక్ పేరుతో తిరిగి తెచ్చినప్పుడు నా ముందు రద్దీ చూడాలి. విడుదలకు రెండు వారాల ముందే తలుపు తీశారు, ఒక్కో ఖాతాకు మూడు పాత్రలు. ఆడటానికి లేదు, పేరు పట్టుకొని వెళ్ళిపోవాలి. పదిహేనేళ్ళ క్రితం ఏ పేరుతో ఆడారో ఆ పేరు కోసం వచ్చినవాళ్ళే ఎక్కువ. కొత్త లెగోలాస్ కోసం ఎవరూ అంత కంగారుపడలేదు. ఉద్యోగాలు, పిల్లలు వచ్చేసినవాళ్ళు, పాత స్నేహితులు వెతికితే దొరకాలి కదా అని, మరొకరు తీసేసుకోకముందే ఉరుకులు పరుగుల మీద టైపు చేశారు. అంతకుముందు 2014లో, ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని పాత్రల పేర్లను విడిపించినప్పుడూ ఇలాగే జరిగింది. పిలిచేవాళ్ళు లేని పేర్లు నాకు తిరిగొచ్చాయి, నేను వాటిని ఎదురుచూస్తున్నవాళ్ళకు పంచాను.

ఇన్నేళ్ళ కొలువులో నాకు తెలిసింది ఇంతే. నా ముందు కూర్చున్నప్పుడు, ఎంత గొప్ప పేరు అని కాదు, రాక్షసుడు మీదికొస్తున్నప్పుడు హడావిడిలో ఉన్న అపరిచితుడొకడు దాన్ని ఎలా అరుస్తాడు అని ఆలోచించండి. ఒకసారి పైకి పలికి చూడండి. పక్కగదిలోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. మీరు ఏం రాసినా, లోపలున్నవాళ్ళు ఎలాగూ సగానికి విరిచే పిలుస్తారు. ఏ సగం మిగలాలో మీట నొక్కేముందే చూసుకోండి.